యాదగిరి జీపు వణకడం మానేసిన రోజు

కరోనా తర్వాత షూటింగులు మళ్లీ ఊపందుకున్న రెండో ఏడాది, మృగశిర కార్తె దాటిన వారంలో, మా నిర్మాణ సంస్థ ఒక పాత జీపును నాకు అప్పగించింది. అప్పుడు నేను ఫిలింనగర్ ఆఫీసులో వాహన విభాగం ఇన్‌చార్జిని. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. హోదా వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, విభాగమంటే నేను, ఇద్దరు మెకానిక్కులు, యూసుఫ్‌గూడలో ఒక రేకుల షెడ్డు, అందులో ఒక చైన్ పుల్లీ. ఇన్‌చార్జి అన్న మాటలోని చార్జి కూడా పొద్దుటిపూటే ఎక్కువ. మధ్యాహ్నం భోజనం తర్వాత బాగా దిగిపోయేది.

సినిమా యూనిట్లో బండ్లు రెండు రకాలు. కెమెరా వెనక తిరిగేవి మనుషుల్నీ లైట్లనీ మోస్తాయి. కెమెరా ముందు తిరిగేవి కథను మోస్తాయి. ఈ రెండో రకాన్ని మేం యాక్టింగ్ బండ్లు అనేవాళ్లం. వాటిని వెతకడం, కిరాయికి మాట్లాడడం, షాట్ సమయానికి కదిలేలా చూడడం నా పని. అంతకుముందు పంతొమ్మిదేళ్లు బస్సు డిపో వర్క్‌షాపులో చేశాను. ఇంజన్ బాగుచేయడం అక్కడే నేర్చుకున్నాను. బాగవని ఇంజన్ పక్కన నిలబడి తిట్లు తినడమూ అక్కడే నేర్చుకున్నాను. సినిమాల్లో ఆ రెండో విద్యే ఎక్కువ అక్కరకొచ్చింది.

జీపు యాదగిరిది. ఆయన కృష్ణానగర్‌లో ఉంటాడు, నాకంటే నాలుగైదేళ్లు చిన్న. ఆ జీపును ఇరవై ఏళ్లుగా షూటింగులకు ఇస్తున్నాడు. అది చాలా సినిమాల్లో ఉంది గానీ, ఏ సినిమాలోనూ పట్టుమని పది సెకన్లు లేదు. విలన్ మనుషులు దిగే మూడో బండి, పోలీసులు వచ్చే రెండో బండి, ఊరేగింపులో చిట్టచివరి బండి. ఈసారి మాత్రం హీరో నడిపే బండి. మొదటి పోస్టర్‌లో హీరో దాని ముందు కూర్చున్నాడు, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తోంది. యాదగిరి ఆ పోస్టర్‌ను ఫోన్లో పెట్టుకుని కనపడ్డ ప్రతివాడికీ చూపించేవాడు. హీరో మొహం మీద కాదు, ప్లేటు మీద వేలు పెట్టి చూపించేవాడు.

“నా బండికి గిప్పుడు డైలాగొక్కటే తక్వ సార్,” అన్నాడు నాతో.

మొదటి షెడ్యూలులో డైలాగు కూడా చెప్పింది. పాత డీజిల్ ఇంజన్. చల్లబడ్డ ఇంజన్‌ను వేడిచేసి లేపే హీటర్ ప్లగ్గులు అలిసిపోయాయి. చల్లగా ఉన్నప్పుడు “యాక్షన్” అనగానే దగ్గడం, ఆగడం, నల్లటి పొగ వదలడం. పొగ తేలేదాకా కెమెరా ఆగాలి. పొగ పోయేసరికి ఎండ పోయేది, ఎండ వచ్చేసరికి హీరోగారి మూడ్ పోయేది. ఒకరోజు ఒకే షాట్‌కు పదకొండు టేకులు తీసుకుంది. షెడ్యూలు ముగిశాక ప్రొడక్షన్ మేనేజర్ శేషు గారు నాకొక కాగితం పంపారు. అందులో ఒకే వాక్యం: జీపు ఇకమీదట షాట్‌లో ఇబ్బంది పెట్టకుండా చూడవలెను.

ఆ వాక్యానికి తగిన పని కొత్త హీటర్ ప్లగ్గులు, మంచి బ్యాటరీ, ఇంధనం పంపు సర్దుబాటు. రెండు రోజుల్లో అయిపోతుంది. ఇది నాకు ఆ రోజూ తెలుసు. కానీ పాత జీపులో కొత్తకాలం పెట్రోలు ఇంజెక్షన్ ఇంజన్ పెట్టి చూడాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది. కోరిక ఉన్న మనిషికి ఒక్క వాక్యం ఆర్డరు చేతికివ్వకూడదు. దానికి నేను నాలుగు పేజీల ప్రతిపాదన రాశాను. శేషు గారు మొదటి పేజీ చదివి, నాలుగో పేజీలో సంతకం పెట్టారు. మధ్యలో ఉన్న రెండు పేజీలూ నేను తప్ప ఇప్పటికీ ఎవరూ చదవలేదు.

ఇంజెక్షన్ ఇంజన్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. పాతకాలం పెట్రోలు ఇంజన్లో గాలే పెట్రోలును తనతోపాటు పీల్చుకుపోయేది, ఎంత అంటే ఉజ్జాయింపే. ఇందులో ఒక్కో సిలిండరుకు ఒక్కో చిన్న పిచికారీ ఉంటుంది, దాన్ని ఇంజెక్టర్ అంటాం. ఎప్పుడు, ఎంత చల్లాలో ఒక చిన్న పెట్టె నిర్ణయిస్తుంది. ఆ పెట్టె పేరు ఈసీయూ. దాన్ని బండి మెదడు అంటారు. మా షెడ్డులో ఉన్న మెదళ్లలో దాని మీదే నాకు పూర్తి నమ్మకం.

యాదగిరి ఒప్పుకోవడానికి వారం పట్టింది. కిరాయి గురించి ఒక్క మాట అడగలేదు. ఒకటే అన్నాడు. “లోపట మీరేం జేసినా మంచిదే సార్. గని అది అదే ఉండాలె.”

“బయట ఒక్క స్క్రూ కూడా మారదయ్యా,” అన్నాను. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నాను. ఆయన అడిగింది స్క్రూల గురించి కాదని తర్వాత తెలిసింది.

ఇంజన్ మార్చడానికి ఒక పద్ధతి ఉంది. ముందు రవాణా శాఖకు అర్జీ పెట్టుకోవాలి. తేబోయే ఇంజన్ ఎక్కడిదో కాగితాలు చూపాలి. మార్చాక తనిఖీ చేయించి, ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు రాయించుకోవాలి. అది రాసేదాకా బండి రోడ్డెక్కకూడదు. అందుకని లొకేషన్‌కు దాన్ని లారీ మీద తీసుకెళ్లాం. హీరోగారు తన బండి తాను నడపరు, ఇంకొకరి బండిలో వస్తారు. ఆ కొద్దిరోజులు ఆయన జీపూ అంతే.

ప్రమాదంలో వెనక భాగం నుజ్జయిన ఒక వ్యాన్ నుంచి నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ కొన్నాం. ఇంజన్ ఒక్కటే కొంటే చాలదు. దాని తీగల కట్ట, ఈసీయూ, పొగలో మిగిలిన గాలిని కొలిచే ఆక్సిజన్ సెన్సార్, పొగ శుద్ధిచేసే కన్వర్టర్, ఆఖరికి దాని తాళంచెవి కూడా తెచ్చుకోవాలి. కొత్త కోడలు కాపురానికి వస్తే ఆవిడతోపాటు సారె రావాలిగా. కొత్త ఇంజన్‌కూ పాత గేర్‌బాక్సుకూ బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో సంబంధం కుదిర్చే పెద్దమనిషిలా ఒక ఇనప పలక కావాలి. ఎర్రగడ్డలో లేత్ మాస్టారు దాన్ని మూడుసార్లు కోసి ఇచ్చారు. మొదటి రెండుసార్లూ కొలత తప్పు నాదే. మాస్టారు నన్నేమీ అనలేదు. మూడోసారి మాత్రం టేపు తన చేతిలోకి తీసుకున్నారు.

పాత డీజిల్ ట్యాంకులో తుప్పు వదిలించి, ఇంజెక్టర్లకు కావలసిన ఒత్తిడినిచ్చే కరెంటు పంపు పెట్టాం. ఇంజన్ కూర్చునే చోట మాత్రం నేను ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నాను. ఇంజన్ నేరుగా ఛాసిస్ అనే ఇనప చట్రం మీద కూర్చోదు, రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఇంజన్ వణుకును అవి మింగేస్తాయి. నేను దొరికినవాటిలో అన్నిటికంటే మెత్తనివి తెప్పించాను. డిపోలో ఉన్నన్నాళ్లూ వణికే బస్సుల మీద వచ్చే ఫిర్యాదులు రాసుకుని రాసుకుని, వణుకంటే నాకు వ్యక్తిగతమైన పగ ఏర్పడింది.

శబ్దం సంగతి ముందే ఆలోచించాను. డీజిల్ బండి డగడగ ఎక్కడ, పెట్రోలు బండి గుసగుస ఎక్కడ? సౌండ్ విభాగం వాళ్లను అడిగితే, పాత ఇంజన్ చప్పుడు మొదటి షెడ్యూలులోనే విడిగా రికార్డు చేశామని, డబ్బింగులో అదే వేస్తామని చెప్పారు. పొగ కావాలంటే పొగ మిషను ఉంది. అన్నీ ఆలోచించిన మనిషినన్న తృప్తితో ఆ రోజు ఇంటికి కాస్త త్వరగా వెళ్లాను.

ట్రయల్ రోజు యాదగిరి షెడ్డుకు వచ్చాడు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది, కానీ జీపంతా గజగజ వణికిపోయింది. అద్దాలు గడగడలాడాయి, స్టీరింగు చేతిలో నిలవలేదు. నా గుండె కూడా ఆ లయలోనే ఉంది. బానెట్ ఎత్తి చూస్తే, మూడో ఇంజెక్టరుకు వెళ్లే ప్లగ్గు ఊడిపోయింది. ఒక సిలిండరు పని మానేస్తే మిగిలిన మూడూ తూకం తప్పి కుదిపేస్తాయి. నలుగురు మోసే మంచాన్ని ఒకడు హఠాత్తుగా వదిలేసినట్టు.

యాదగిరి మొహం మాత్రం వెలిగిపోయింది. “ఆ! గిప్పుడు అచ్చం మన బండి లెక్కున్నది సార్,” అన్నాడు.

పాపం, తెలియని మనిషి అనుకుని నవ్వాను. ప్లగ్గు పెట్టి, ఊడకుండా ప్లాస్టిక్ పట్టీ బిగించాను. వణుకు ఠక్కున ఆగిపోయింది. బానెట్ మీద నిండు గ్లాసు టీ పెట్టి ఇంజన్ రేజ్ చేశాను. టీ మీద మీగడ కూడా కదల్లేదు. మెకానిక్కులిద్దరూ చప్పట్లు కొట్టారు. నేనా టీని ఫోటో తీసి శేషు గారికి పంపాను. యాదగిరి టీ గ్లాసునూ జీపునూ మార్చిమార్చి చూసి, “మంచిగున్నది సార్,” అని మెల్లిగా అన్నాడు. పక్కింటివాళ్ల పిల్లకు ర్యాంకు వస్తే మనం అనే ‘మంచిది’ లాంటిది అది.

తర్వాతి షూటింగు జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద ఇంటి ఆవరణలో. సాయంత్రం ఆరుదాకా ఇల్లు మాది. సీను ఇది: పోలీసు ఉద్యోగం వదిలేస్తానంటున్న కొడుకు, వద్దంటున్న తండ్రి ఆగి ఉన్న జీపులో పక్కపక్కన కూర్చుంటారు. ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది. మూడున్నర నిమిషాలు మాటలే. కొడుకు వెళ్లిపోతాడా ఉండిపోతాడా అన్నది చివరిదాకా తేలదు, అందుకే ఇంజన్ ఆపరు. ఇందులో కొడుకు క్లోజప్పులూ, ఇద్దరూ కనిపించే షాట్లూ మొదటి షెడ్యూలులోనే తీసేశారు. తండ్రి క్లోజప్పులూ, వెనక చూసే అద్దంలో ఆయన కళ్లు కనిపించే షాటూ మిగిలాయి. తండ్రి వేషం వేసే పెద్దాయన మాకు ఆ ఒక్కరోజే ఇచ్చారు. మర్నాడు ఇంకో సినిమాకు ఆయన గడ్డం తీసేస్తారు.

ఆ రోజు జీపు తాళం తిప్పగానే స్టార్టయింది. డైరెక్టర్ గారు నావైపు చూసి బొటనవేలు చూపించారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, పొగడ్తలకు అలవాటు పడిన మనిషిలా నిలబడ్డాను. గేటు బయట, ఆ వీధి ఇళ్లలో పనిచేసే డ్రైవర్లు నలుగురు షూటింగు చూస్తున్నారు. వాళ్లలో ఒకతను యాదగిరిని అడిగాడు. “అన్నా, గిది బ్యాటరీ బండా?”

యాదగిరి గేటు వదిలి పక్కకు వెళ్లిపోయాడు. ఆ ప్రశ్నను నేను ప్రశంస కిందే జమకట్టుకున్నాను.

రెండో టేకు అయ్యాక అసోసియేట్ డైరెక్టర్ స్వప్న నన్ను మానిటర్ దగ్గరికి పిలిచింది. కంటిన్యుటీ ఆ అమ్మాయి బాధ్యత. కంటిన్యుటీ అంటే, నెల తేడాతో తీసిన రెండు షాట్లు పక్కపక్కన పెడితే ఒకే నిమిషంలో తీసినట్టు కనిపించడం. చొక్కా గుండీ దగ్గర్నుంచి గ్లాసులో నీళ్ల మట్టం దాకా అన్నీ రాసిపెట్టుకోవాలి. స్వప్నది భీమవరం. మాట మెత్తన, రాత గట్టి.

“రత్నం గారూ, జీపు ఆన్‌లోనే ఉందా అండీ?”

“ఆన్‌లోనే ఉందమ్మా. అదే దాని గొప్పతనం.”

ఆ అమ్మాయి ట్యాబులో పాత షాటు పెట్టింది. హీరో మాట్లాడుతున్నాడు. స్టీరింగు మీద ఆయన చేతివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. కాలరు వణుకుతోంది, అద్దం వణుకుతోంది, అద్దానికి వేలాడే తాళాల గుత్తి వణుకుతోంది. కోపాన్ని అదిమిపట్టుకున్న మనిషిలా ఉన్నాడు. పక్కనే మానిటర్లో ఇవాళ్టి షాటు. తండ్రి, అద్దం, తాళాల గుత్తి, అన్నీ గోడకు తగిలించిన ఫోటోలా ఉన్నాయి.

“కొడుకు ఊగుతున్నాడండీ, తండ్రి ఊగట్లేదు,” అంది స్వప్న. “ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు సార్.”

నలభై ఏళ్లకు ఒకటి తక్కువైన సర్వీసులో నేను చాలా నేరారోపణలు విన్నాను. బండి వణకడం లేదన్న నేరం అదే మొదటిసారి. చెవుల సంగతి ముందే చూసుకున్న మనిషిని, కళ్ల సంగతి మరిచాను. ఆ పాత ఇంజన్ ఆ సీనులో నటించిందని మాలో ఎవరికీ తెలియదు, దాన్ని తీసేశాక తెలిసింది.

డైరెక్టర్ గారు కోప్పడలేదు. తలపట్టుకుని కూర్చున్నారు, అది ఇంకా బాధ. ముందుగా పాత చిట్కా వాడాం. ఆగి ఉన్న బండి కదులుతున్నట్టు చూపాలంటే లైట్‌మెన్లు కెమెరాకు కనపడకుండా బంపరు పట్టుకుని ఊపుతారు. నలుగురు ఊపారు. కానీ ఇంజన్ వణుకు వేరు, మనిషి ఊపు వేరు. అది సన్నటి దడ, ఇది ఎడ్లబండి ప్రయాణం. రెండు నిమిషాలకు పెద్దాయన చెయ్యెత్తి ఆపమన్నారు.

“బాబూ, నన్ను జీపెక్కించారా, ఉయ్యాల్లో వేశారా? నాకు బారసాల అయి డెబ్భై ఏళ్లు దాటిందయ్యా,” అన్నారు.

అందరూ నవ్వారు. ఆయన మాత్రం దిగి, నిమ్మకాయ నీళ్లు అడిగారు.

పాత ఇంజన్ తిరిగి పెట్టవచ్చు. అది యాదగిరి ఇంటి ముందు గోనె కప్పుకుని భద్రంగా ఉంది. “దాన్నెందుకయ్యా దాచుకుంటావు, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యి,” అని ఎగతాళి చేసినవాణ్ణి నేనే. కానీ దించి ఎక్కించడానికి నాలుగు రోజులు పడుతుంది. పెద్దాయన గడ్డం మర్నాడు పొద్దున దాకానే.

ఒంటిగంటకు శేషు గారు వచ్చి తేల్చేశారు. ఆయన మాట ఎప్పుడూ పద్దులాగే ఉంటుంది, కూడికా తీసివేతా తప్ప ఇంకేమీ ఉండదు. యూసుఫ్‌గూడలో ఇంకొకరి దగ్గర ఇదే మోడలు, ఇదే రంగు జీపు ఉంది. పాత డీజిల్ ఇంజన్‌తో శుభ్రంగా వణుకుతోంది. రెండింటికల్లా తెప్పిస్తారు. యాదగిరి బండి నంబరు ప్లేటు విప్పి దానికి బిగిస్తే చాలు. ఇకమీదట సినిమా అంతా, క్లైమాక్సుతో సహా, ఆ జీపే.

“యాదగిరికి ఒప్పుకున్న కిరాయి ఒప్పుకున్నట్టే ఇస్తాం, ఆయనకేం నష్టం?” అన్నారు. ఆ మాట నన్నే వెళ్లి చెప్పమన్నారు. బండిని పాడుచేసినవాడే చావుకబురు కూడా చల్లగా చెప్పాలి కదా. నిజానికి నేను దాన్ని పాడుచేయలేదు, బాగుచేశాను. ఆ రోజు ఆ రెండింటికీ తేడా ఎవరికీ పట్టలేదు.

యాదగిరి గోడ నీడలో టిఫిన్ బాక్సు విప్పుకుని కూర్చున్నాడు. చెప్పాను. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

“నా బండిని పండవెట్టి, దాని పేరు తీస్కపోయి ఇంకోదానికి వెడ్తరా సార్?”

కిరాయి సంగతి ఎత్తబోయాను. ఆయన వినలేదు.

“ఇరవై ఏండ్ల సంది అది వెనకాలనే నిలవడ్డది. ఒక్కసారి ముంగటికొచ్చింది. మీరు జెప్తేనే ఇంజను దీసిన. నాకు అద్దనిపించినా మీ మాట మీద దీసిన.”

“తప్పు నాదే యాదగిరీ.”

“తప్పెవలిదో నాకెందుకు సార్. బండి ఉంటదా పోతదా, గది జెప్పున్రి.”

ఆయన బాక్సు మూత పెట్టేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, నాకు పాఠం చెప్తున్నట్టు కాకుండా ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు.

“ఆ దినం షెడ్డుల ఒక వైరు ఊడింది గదా సార్. బండంత దడదడలాడింది. నేను మన బండి లెక్కున్నది అంటే మీరు నవ్విన్రు. గా వైరు మల్ల ఊడవీకితే అయితదా కాదా?”

నేను మెకానికల్ డిప్లొమా చేశాను. డిపోలో మూడు ప్రమోషన్లు తీసుకున్నాను. పొద్దుటి నుంచి బానెట్ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాను. మంచి ఇంజన్‌ను చెడగొట్టవచ్చన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. చదువు ఒక వైపుకే నేర్పింది.

పరుగెత్తాను. ప్లాస్టిక్ పట్టీ కత్తిరించి మూడో ఇంజెక్టరు ప్లగ్గు పీకాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సిలిండరును ఆపాలంటే నిప్పురవ్వ తీగ పీకకూడదు, ఇంజెక్టరు తీగే పీకాలి. నిప్పు ఆపితే పెట్రోలు కాలకుండానే బయటికి పోయి కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఇంజెక్టరు ఆపితే అసలు పెట్రోలే రాదు. ఆ మాత్రం జ్ఞానం చూపించుకునే అవకాశమైనా దక్కినందుకు సంతోషించాను.

ఇంజన్ స్టార్ట్ చేశాం. జీపు వణికింది. కానీ చాలలేదు. స్వప్న ట్యాబునూ మానిటర్నూ పక్కపక్కన పెట్టి, “సగమే వచ్చిందండీ,” అంది. మిగతా సగాన్ని మింగుతున్నవి నేను ఏరికోరి తెప్పించిన మెత్తని మౌంటింగులు. ఆర్ట్ విభాగం దగ్గర చెక్కముక్కలు అడిగి తెచ్చి, రబ్బరుకూ ఛాసిస్‌కూ మధ్య సందుల్లో దూర్చి సుత్తితో బిగించాను. వారం రోజులు కష్టపడి చేసిన పనిని పది నిమిషాల్లో నా చేత్తోనే పూడ్చాను.

ఇక ఈసీయూ మిగిలింది. ఒక సిలిండరు పడిపోగానే అది కంగారుపడి ఇంజన్ వేగం పెంచుతోంది. వేగం పెరిగితే వణుకు సన్నబడుతుంది. ఎవరూ తప్పు పట్టకుండానే తప్పు దిద్దుకునే గుణం అది. పొద్దున నాకుండి ఉంటే బాగుండేది. ఇంజన్‌కు గాలి వెళ్లే దారిని కొంచెం మూసి వేగం తగ్గించాను. లోపం ఉందని చెప్పే ఎర్రదీపం ఒకటి డ్యాష్‌బోర్డు కింద నేనే పెట్టాను. అది నావైపే చూసి వెలుగుతోంది. దానిమీద నల్లటేపు అంటించాను.

“ఇంకొంచెం తగ్గించండి… ఇంకొంచెం… ఆఁ, చాలు! అక్కడే ఉంచండి సార్!” అంది స్వప్న. తాళాల గుత్తి వణికింది. అద్దం వణికింది. పెద్దాయన ఎక్కి కూర్చుని, డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూసి, “ఇది మన జీపు,” అన్నారు.

రెండున్నరకు శేషు గారు పిలిపించిన రెండో జీపు గేటు దాకా వచ్చింది. అద్భుతంగా వణుకుతూ వచ్చింది. అప్పటికే మొదటి షాటు ఓకే అయింది. యాదగిరి గేటు దగ్గరికి వెళ్లి ఆ జీపు డ్రైవరుతో చాలా మర్యాదగా ఏదో మాట్లాడి, దాన్ని వెనక్కి తిప్పించాడు. ఏమన్నావని తర్వాత అడిగితే, “ఏం లేదు సార్. మావోడు లేచిండు, మీరు వోయి రాండ్రని చెప్పిన,” అన్నాడు.

సాయంత్రం ఆరుకు పది నిమిషాల ముందు పెద్దాయన ఆఖరి షాటు పూర్తయింది. యూనిట్ చప్పట్లు కొట్టింది, అందులో కొన్ని నావైపు కూడా వచ్చాయి. బండిని బాగుచేసినందుకు నాకు సర్వీసులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మా మెకానిక్కులిద్దరు తప్ప. వాళ్లకు నా దగ్గర సెలవు చీటీల పని ఉండేది.

ఆ తర్వాత ఇంజెక్టరు తీగకు ఒక ఇంటి కాలింగ్‌బెల్ స్విచ్చులాంటిది పెట్టి, సీటు కింద దాచాం. ఎక్కువసేపు మూడు సిలిండర్లతో నడపకూడదు. మండని గాలి సెన్సారు దాకా పోతే, పెట్రోలు చాల్లేదనుకుని ఈసీయూ మిగతా మూడింటికీ ఎక్కువ పోస్తుంది. అందుకే “కట్” అనగానే స్విచ్చు వేసేయాలి. డైరెక్టర్ గారు “కెమెరా, జీప్, యాక్షన్” అనడం మొదలుపెట్టారు. స్వప్న తన కంటిన్యుటీ పుస్తకంలో చొక్కా రంగు, గడ్డం పొడవు పక్కన జీపుకు కూడా ఒక గడి గీసింది. ఛేజింగ్ సీనుకు నాలుగు సిలిండర్లు, మాటల సీనుకు మూడు. సినిమా పూర్తయి గుమ్మడికాయ కొట్టిన రోజు ఆ పుస్తకం నాకు చూపించింది. మొత్తం మీద మూడే గెలిచింది.

తనిఖీ అయి ఆర్‌సీలో కొత్త నంబరు ఛేజింగు తీయకముందే ఎక్కింది. సినిమా అయ్యాక చెక్కముక్కలు తీసి, స్విచ్చు విప్పి, నల్లటేపు ఊడదీసి బండిని యాదగిరికి అప్పగించాను. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టేముందు ఆయన బానెట్ ఎత్తి మూడో ప్లగ్గును వేలితో నొక్కి చూశాడు. ఇంటికి నాలుగుతోనే వెళ్లాడు. పాత ఇంజన్ ఇప్పటికీ ఆయన ఇంటి ముందే ఉంది. ఈసారి గోనె తీసి, కొత్త టార్పాలిన్ కప్పాడు. దాని తాడు ఒక కొస నేనే బిగించాను.

ఈ కథంతా విన్నాక మా ఆవిడ, ఇంట్లో టకటకలాడుతున్న ఫ్యాను నాలుగేళ్లుగా అలాగే ఉందని, అది ఏ సినిమా కంటిన్యుటీ కోసమో చెప్పమని అడిగింది. దాన్ని మర్నాడే బాగుచేశాను.

వాహన విభాగంలో పనికి ముందు నింపే కాగితం ఒకటి ఉండేది. బండి నంబరు, వచ్చిన తేదీ, లోపం, మార్చవలసినవి. ఆ సినిమా తర్వాత దానికి ‘మార్చకూడనివి’ అని ఒక గడి చేర్చాను. నేను రిటైరయ్యేదాకా ఆ గడి నింపకుండా ఏ బండీ షెడ్డులోకి రాలేదు. ప్రొడక్షన్ వాళ్లు చాలామంది అందులో ‘ఏమీ లేవు’ అని రాసిచ్చేవాళ్లు. అప్పుడు నేను బండి యజమానిని పిలిపించి, ఇంజన్ స్టార్ట్ చేయించి, దానిలో ఏది పోకూడదో ఆయన చెప్తుంటే కాసేపు వినేవాణ్ణి. ఆ కాసేపటి తర్వాత ఆ గడిలో ‘ఏమీ లేవు’ అన్న మాట నిలిచిన సందర్భం ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.